పసిప్రాణికి ఇల్లు

మన పాత ఇండ్లలో వంటింటి దూలానికి ఒక ఉట్టి వ్రేలాడుతూ ఉండేది. పాలకుండ, పెరుగుకుండ, వెన్నముంత దానిలోనే భద్రంగా ఉండేవి. ఇంటిలో పిల్లి తిరుగుతుంది కనుక ఆ ఏర్పాటు. పిల్లి శాపాలకు ఉట్లు తెగిపడవన్న సామెత పుట్టింది అందుకే. తెలుగు గృహిణి పిల్లిని ఇంటినుండి వెళ్ళగొట్టలేదు. ధాన్యాన్ని ఎలుకల నుండి కాపాడడానికి అది కావాలి. అందువల్ల పాలను మాత్రం దానికి అందనంత ఎత్తులో పెట్టుకొన్నది. ఒకే కప్పు క్రింద మనిషి, జంతువు కలిసి బ్రతకాలంటే ఇంటిని కొంత మార్చుకోక తప్పదన్న వివేకం ఆ ఉట్టిలో ఉన్నది.

ఈనాటి ఇండ్లలో ఉట్టి లేదు. పాలు ఫ్రిజ్‌లోకి చేరాయి. కాని ఉట్టి అవసరం తీరిపోలేదు. పూర్వం పిల్లి బారినుండి ఇంటిని కాపాడుకొన్నాం. ఇప్పుడు ఇంటి బారినుండి పిల్లిని, కుక్కను కాపాడవలసి వచ్చింది. ఎలుకల మందు, నేల తుడిచే ద్రవాలు, విద్యుత్తు తీగలు, జ్వరపు మాత్రలు, మూతలేని సంపులు మన నిత్యజీవితంలో భాగాలు. రెండు నెలల కుక్కపిల్లకు ఇవన్నీ ప్రాణాపాయాలే. కుక్కపిల్లనో, పిల్లికూననో ఇంటికి తేవాలనుకొనేవారు దానికంటె ముందు ఇంటిని సిద్ధం చేయాలి. ఆ పని చేయలేనివారు దానిని తేకుండా ఉండడమే దయ. ఇది నా నిశ్చితాభిప్రాయం. ఇది నాకు గ్రంథపఠనం వల్ల కలిగినది కాదు. నేను చేసిన ఒక తప్పు వల్ల కలిగినది.

కొన్నేండ్ల క్రితం, వానాకాలం మొదట్లో, నారాయణఖేడ్‌లో మా కళాశాల వరండాలో మొదటి సంవత్సరం విద్యార్థిని ఒకతె నిలబడి ఉన్నది. ఆమె పుస్తకాల సంచిలో తడిసిన కుక్కపిల్ల ఒకటి వణుకుతున్నది. తల్లి ఏదో వాహనం క్రింద పడిపోయిందట. ఆ అమ్మాయిది సమీపంలోని ఒక తండా. తలిదండ్రులు ఏటేటా చెరకు కొట్టడానికి పొరుగు రాష్ట్రాలకు వలసపోతారు. తాను హాస్టల్‌లో ఉంటుంది.

"హాస్టల్ల ఉంచనియ్యరు సార్. మీ ఇంట్ల పెట్టుకోండ్రి. మంచిగ చూస్తరని మీకే ఇస్తున్న" అన్నది.

ఒక విద్యార్థిని అంత నమ్మకంతో చేతిలో పెట్టిన ప్రాణిని వద్దనలేకపోయాను. వద్దనలేకపోవడాన్నే దయ అనుకొన్నాను. ఆ సాయంత్రమే దానిని ఇంటికి తీసుకొనిపోయాను. నారాయణఖేడ్ 1956 వరకు బీదరు జిల్లాలో ఉండిన ప్రాంతం. ఇప్పటికీ మా వీధిలో నాలుగు భాషలు వినిపిస్తాయి. పిల్లలందరూ చుట్టూ మూగి ఒకరు నాయి అని, ఒకరు కుత్రా అని, ఒకరు కుత్తా అని, మరొకరు కుక్క అని తమ తమ ఇంటి భాషలలో పిలువసాగారు. అది అన్ని పిలుపులకూ తోక ఊపింది. రెండు రోజులు ఇల్లంతా సందడి.

మూడవనాటి తెల్లవారుజామున అది కొట్టుగదిలో నురగలు కక్కుతూ కనిపించింది. కందుల బస్తాల వెనుక ఎలుకల కోసం నేనే పది రోజుల క్రితం మందు కలిపిన పిండిముద్దలు పెట్టాను. నల్లని పొడి రూపంలో అమ్మే ఆ జింక్ ఫాస్ఫైడ్ కడుపులోని ఆమ్లంతో కలియగానే విషవాయువుగా మారుతుంది. దానికి విరుగుడు లేదు. పశువైద్యశాల తలుపులు తెరిచే వేళకు కుక్కపిల్ల ప్రాణం విడిచింది.

రెండు రోజులు ఆ అమ్మాయికి కనబడకుండా తిరిగాను. మూడవనాడు ఆమెయే వచ్చి అడిగింది. జరిగినది చెప్పాను. ఆమె ఏడవలేదు. నా ముఖంలోకి చూచి, "ఆ మందు మీరే పెట్టిన్రా సార్?" అన్నది.

ఔనన్నాను. అంతకుమించి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

ప్రాచీన సాహిత్యాన్ని చదివి, దానిపై పరిశోధన చేసి, ముప్ఫై ఏండ్లుగా బోధిస్తున్న నాకు ఆ ప్రశ్న అంతకుముందే తెలిసి ఉండవలసినది. నన్నయ భట్టారకుని ఆంధ్ర మహాభారతంలో, ఆదిపర్వం ఆరంభంలోనే అటువంటి ప్రశ్న ఉన్నది. జనమేజయుడు యజ్ఞం చేస్తున్నాడు. దేవతల కుక్క అయిన సరమకు కొడుకు సారమేయుడు. ఆ కుక్కపిల్ల ఆటలాడుకొంటూ యజ్ఞశాల దగ్గరకు వచ్చింది. రాజు తమ్ముళ్ళు దానిని కొట్టారు. అది ఏడుస్తూ తల్లి వద్దకు పోయింది. సరమ నేరుగా రాజు ముందుకు వచ్చి, ఏ తప్పూ చేయని నా బిడ్డను నీ తమ్ముళ్ళు ఎందుకు కొట్టారని నిలదీసింది. తగినది, తగనిది ఆలోచించకుండా దుర్బలులకు కీడు చేసేవారికి అనుకోని ఆపదలు వచ్చిపడతాయని హెచ్చరించి వెళ్ళిపోయింది. అంతటి చక్రవర్తి ఆ మాటలకు కలవరపడి, శాంతి చేయించడానికి తగిన పురోహితుని కోసం వెదుక్కోవలసి వచ్చింది.

తరగతిలో ఈ ఘట్టం చెప్పినప్పుడల్లా రాజు తమ్ముళ్ళు క్రూరులని చెబుతూ వచ్చాను. నిజానికి వారు క్రూరులన్న మాట కంటె ఆలోచన లేనివారన్న మాట కథకు ఎక్కువగా అతుకుతుంది. యజ్ఞశాల ఎటువంటి చోటో కుక్కపిల్లకు తెలియదు. అది వస్తే ఏమి చేయాలో వారు ముందుగా అనుకోలేదు. నా కొట్టుగదిలో జరిగినదీ అదే. నేను కర్ర ఎత్తలేదు, అంతే తేడా. ఆలోచన లేని దయ కూడ పసిప్రాణి ప్రాణం తీయగలదు.

వైష్ణవ సంప్రదాయంలో మర్కటకిశోర న్యాయం, మార్జాలకిశోర న్యాయం అని రెండు ఉన్నాయి. కోతిపిల్ల తల్లి పొట్టను తానే గట్టిగా పట్టుకొంటుంది. కొంత భారం పిల్లదే. పిల్లికూన అట్లా కాదు. తల్లి నోట కరచుకొని ఎక్కడికి తీసుకొనిపోతే అక్కడికి పోతుంది. భారమంతా తల్లిదే. భగవంతునికి, భక్తునికి గల సంబంధాన్ని వివరించడానికి పెద్దలు ఈ పోలికలు చెప్పారు. మనం ఇంటికి తెచ్చుకొన్న కుక్కపిల్ల అయినా, పిల్లికూన అయినా మార్జాలకిశోరమే. దానిని తల్లి నుండి వేరుచేసిన క్షణంలో తల్లి భారం మన మీదకు వస్తుంది. తల్లి పిల్లలను పెట్టడానికి ముందే చోటు వెదుకుతుంది. మనమూ అంతే చేయాలి.

ఇంటిని ఎట్లా సిద్ధం చేయాలి? ముందుగా మోకాళ్ళమీద వంగి, నేలకు జానెడు ఎత్తు నుండి ఒకసారి ఇల్లంతా చూడండి. నిలబడినప్పుడు కనిపించనివి ఎన్నో అప్పుడు కనిపిస్తాయి. మంచం క్రింద రాలిన మాత్ర, బీరువా వెనుక కలరా ఉండ, గోడవెంట వ్రేలాడే చార్జరు తీగ, కూలరు తీగ, గుండీలు, నాణేలు, సూదులు. కుక్కపిల్లకు నాలుగైదు నెలల వయసులో పాలపళ్ళు ఊడి కొత్తవి వస్తాయి. చిగుళ్ళ సలుపు వల్ల దొరికినదెల్లా కొరుకుతుంది. అది దుర్గుణం కాదు, వయోధర్మం. తీగలను గోడకు బిగించడం లేదా పైకి ఎత్తి కట్టడం, కొరుక్కోవడానికి గట్టి రబ్బరు బొమ్మనో, ముడివేసిన పాత గుడ్డనో ఇవ్వడం మన పని. మా ప్రాంతపు పాత ఇండ్లలోని షాబాదు బండల మీద కొంత పట్టు ఉంటుంది. కొత్త ఇండ్లలోని నున్నని టైల్స్ మీద పసికాళ్ళు జారి కీళ్ళు దెబ్బతింటాయి. అది తిరిగే చోట నాలుగు గోనెపట్టాలు పరిస్తే చాలు.

తరువాత కొట్టుగది. మాది పత్తి, కంది, సోయా పండే ప్రాంతం. చేనికి కొట్టే పురుగుమందు డబ్బాలు, మందు పట్టించిన విత్తనాలు, యూరియా సంచులు అనేక ఇండ్లలో మనుషులు పడుకొనే గది ప్రక్కనే ఉంటాయి. వీటికి తలుపు, ఆ తలుపునకు గొళ్ళెం తప్పనిసరి. అది వీలుకాకపోతే అటకమీద పెట్టాలి. ఎలుకల మందు పెట్టిన ఇంటిలో ఆ ముద్దలన్నీ లెక్కపెట్టి తీసివేసిన తరువాతనే పసిప్రాణిని అడుగుపెట్టనీయాలి. ఎలుకలు మిగిలితే బోను పెట్టవచ్చు. మందు తిని చచ్చిన ఎలుకను తిన్నా కుక్కకు, పిల్లికి ప్రమాదమేనని మరువకూడదు.

నీటి సంగతి చూద్దాం. సంపు, హౌజు, పెరటి బావి, వీటి మూతలు సరిగా ఉన్నాయా? గోలెంలో తొంగిచూచి జారిపడిన పిల్లికూన నున్నని అంచు పట్టుకొని పైకి రాలేదు. గోలెం మీద పలక కప్పాలి. కప్పలేకపోతే లోపల నాలుగు ఇటుకలు మెట్లుగా పేర్చాలి. పిట్టగోడ లేని మిద్దె, కడ్డీల మధ్య ఎడం ఎక్కువగా ఉన్న మెట్లు, జాలీ లేని కిటికీ కూడ ఈ జాబితాలోనివే. గేటు క్రింద సందు ఎంత ఉన్నదో చూడాలి. కుక్కపిల్ల తల దూరితే శరీరమూ దూరుతుంది. అవతల ఉన్నది రోడ్డు.

వంటింటి విషయంలో మన అలవాట్లు కొన్ని మార్చుకోక తప్పదు. మిగిలిన కూర అన్నంలో కలిపి కుక్కకు పెట్టడం మనకు పరిపాటి. ఉల్లి, వెల్లుల్లి కుక్కల, పిల్లుల రక్తంలోని ఎర్రకణాలను చిదిపివేస్తాయి. పిల్లులకు ఆ ప్రమాదం మరీ ఎక్కువ. ద్రాక్ష, ఎండుద్రాక్ష తిన్న కుక్కలలో మూత్రపిండాలు పాడైపోవచ్చు. పండుగనాడు ప్రేమతో నాకించే పాయసంలో కిస్‌మిస్ ఉంటుందని గుర్తుంచుకోండి. చాక్లెట్, చక్కెరలేని చూయింగ్ గమ్‌లో వాడే జైలిటాల్ కూడ కుక్కకు విషాలే. వండిన కోడి ఎముకలు పుల్లలుగా చీలి పేగులను చీరవచ్చు. కుక్కపిల్లకు ఉప్పుకారాలు లేని అన్నంలో ఉడికించిన గుడ్డు, కొద్దిగా మాంసం, పప్పు కలిపి, మోతాదు పశువైద్యుని అడిగి పెట్టవచ్చు.

పిల్లి సంగతి వేరు. పిల్లి అంటే పాలు అని మనం అనుకొంటాం. తల్లిపాలు మానిన పిల్లులలో చాలావాటికి ఆవుపాలు, గేదెపాలు అరగవు. విరేచనాలతో పసికూన ఒకటి రెండు రోజులలోనే నీరసించిపోతుంది. పిల్లి పుట్టుకతోనే మాంసాహారి. మాంసంలో లభించే టారిన్ అనే పదార్థం అందకపోతే దానికి చూపు, గుండె దెబ్బతింటాయి. కనుక పిల్లిని పెరుగన్నంతో పెంచుదామనుకొనే శాకాహార కుటుంబం ముందుగా ఈ విషయంలో ఒక నిర్ణయానికి రావాలి. దానికి మాంసమో, దానికోసమే తయారైన ఆహారమో పెట్టడం ఇష్టం లేకపోతే పిల్లిని తేకపోవడమే మంచిది.

పిల్లికి మన మందులూ పడవు. మనం జ్వరానికి వేసుకొనే పారాసిటమాల్ మాత్ర ఒక్కటి చాలు పిల్లిని చంపడానికి. ఆ మందును విరిచి బయటకు పంపే శక్తి దాని కాలేయానికి లేదు. కుక్కలకు గోమార్లు పోవడానికి వాడే పెర్మెత్రిన్ మందు పిల్లులకు విషం. ఫినాయిలు తడి ఆరని నేలపై నడిచి, పాదాలు నాకినా పిల్లికి ముప్పే. పెరటిలోని గన్నేరు, పచ్చగన్నేరు, ఉమ్మెత్త, ఆముదపు గింజలు కుక్కకు, పిల్లికి రెండింటికీ ప్రమాదకరాలు.

పిల్లికూన వెచ్చదనాన్ని వెదుక్కొంటుంది. పొయ్యిలో పిల్లి లేవలేదంటే ఆ ఇంట పొయ్యి రాజలేదని, పేదరికమని అర్థం. కట్టెల పొయ్యి పోయిన తరువాత పిల్లికూన బట్టలు ఉతికే యంత్రంలోనో, కారు ఇంజను మీదనో, ఇన్వర్టరు వెనుకనో ముడుచుకొంటున్నది. వాహనం కదిలించే ముందు ముందుభాగం మీద రెండుసార్లు చేతితో తట్టడం, యంత్రంలో బట్టలు వేసే ముందు లోపల చూడడం అలవాటు చేసుకోవాలి.

వస్తువులు సర్దుకొన్నంత మాత్రాన ఇల్లు సిద్ధమైనట్లు కాదు. ఇంటిలోని మనుషులు కూడ సిద్ధం కావాలి. కుక్కపిల్లను ఎనిమిది వారాలు నిండేవరకు తల్లి నుండి వేరుచేయరాదు. ఎంత గట్టిగా కరిస్తే తోటిపిల్ల కుయ్యిమంటుందో అది ఆ రోజులలోనే నేర్చుకొంటుంది. మూడవ వారం నుండి సుమారు పద్నాలుగవ వారం వరకు కుక్కపిల్ల లోకాన్ని పరిచయం చేసుకొనే కాలమని శాస్త్రజ్ఞులు చెబుతారు. స్కాట్, ఫుల్లర్ అనే శాస్త్రవేత్తలు దీర్ఘకాలం కుక్కలను పరిశీలించి 1965లో వెలువరించిన గ్రంథం ఈ విషయంలో ప్రసిద్ధమైనది. పిల్లికూనలలో ఈ కాలం ఇంకా ముందు, రెండవ వారం నుండి ఏడవ వారం వరకు. ఆ రోజులలో మనుషుల చేతిస్పర్శ, పసిపిల్లల కేకలు, కుక్కరు ఈల, ఆటో చప్పుడు మెల్లమెల్లగా పరిచయమైన జంతువు పెద్దయ్యాక వాటికి బెదరదు. గొలుసు వేసి మూలన కట్టి పెంచినది భయంతో కరుస్తుంది. అప్పుడు మనం దానిని దుష్టజంతువంటాం.

మూత్రం పోసిన చోట ముక్కు రాసి కొట్టడం మన ఇండ్లలో కనిపించే మరో దురభ్యాసం. రెండు నెలల కుక్కపిల్ల రెండు మూడు గంటలకు మించి మూత్రాన్ని ఆపుకోలేదు. నిద్రలేచిన వెంటనే, తిన్న వెంటనే బయటకు తీసుకొనిపోయి, అక్కడ పోస్తే మెచ్చుకోవాలి. దెబ్బ వల్ల అది నేర్చేది ఒక్కటే: మన కంటపడకుండా పోయడం. పిల్లికూనకు ఇసుక పోసిన తొట్టిని తిండికి దూరంగా పెడితే చాలావరకు తనంతట తానే నేర్చుకొంటుంది.

టీకాల మాట వాయిదా వేయరానిది. ఆరు నుండి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాల ఎడంతో, పదహారు వారాల వరకు టీకాలు వేయించాలి. 1978లో ప్రపంచమంతటా వ్యాపించిన పార్వో అనే వ్యాధి వాంతులు, నెత్తుటి విరేచనాలతో కుక్కపిల్లలను రోజులలోనే చంపుతుంది. ఆ వ్యాధితో కుక్క చనిపోయిన ఇంటిలో వైరస్ నెలల తరబడి నిలిచి ఉంటుంది. దుఃఖం తీరడానికని వెంటనే మరొక పిల్లను తెచ్చేవారు ఈ సంగతి తెలుసుకోవాలి.

రేబిస్ టీకా సుమారు మూడు నెలల వయసులో వేస్తారు. ఇది జంతువు కోసమే కాదు, మన కోసం కూడ. మనుషులకు సోకే రేబిస్‌లో తొంభై తొమ్మిది శాతం వరకు కుక్కల వల్లనే వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. చిన్నపిల్ల కదా, కరిస్తే ఏమవుతుందిలే అనుకోవడం ప్రాణాంతకమైన పొరపాటు. కుక్కపిల్లకు కూడ రేబిస్ ఉండవచ్చు. పంటి గాటు పడినా, గోరు గీరినా వెంటనే ధారగా పారే నీటిలో సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ఆసుపత్రికి పోవాలి. పసుపు, కారం, సున్నం పూయకూడదు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులన్న భయం ఇంకా కొందరిని ఆసుపత్రికి దూరంగా ఉంచుతున్నది. ఆ పాత టీకా మన దేశంలో 2005 నాటికే నిలిచిపోయింది. ఇప్పుడు సూది చేతికే వేస్తారు. రేబిస్ లక్షణాలు బయటపడిన తరువాత బ్రతికే ఆశ దాదాపు లేదు. పాశ్చర్ 1885లో తొలిసారిగా ఒక బాలునికి టీకా వేసి దారి చూపాడు. ఆయన మరణించిన సెప్టెంబరు 28వ తేదీనే ప్రపంచ రేబిస్ దినంగా పాటిస్తున్నారు.

ఈ మాటలు విన్న కొందరు మిత్రులు నవ్వారు. మనుషులకే దిక్కులేని దేశంలో కుక్కపిల్లకు ఇన్ని ఏర్పాట్లా అన్నారు. ఆలోచించదగిన ప్రశ్నే. అయితే నేను పైన చెప్పిన ఏర్పాట్లలో డబ్బు ఖర్చయ్యేవి ఎన్ని? మందును అటకెక్కించడానికి, హౌజుకు మూత వేయడానికి, తీగను పైకి కట్టడానికి శ్రద్ధ కావాలి, సంపద కాదు. పైగా ఇదే ఇంటిలో రేపు ఒక పసివాడు ప్రాకుతాడు. కుక్కపిల్లకు ప్రమాదమైన ప్రతి వస్తువూ ఆ పసివానికి కూడ ప్రమాదమే. కుక్కపిల్ల కోసం సర్దుకొన్న ఇల్లు బిడ్డను కూడ కాపాడుతుంది.

మరికొందరు మా తాతలు ఇవన్నీ చేశారా, కుక్కలు బ్రతకలేదా అంటారు. ఆ కాలపు కుక్క అరుగు మీద పడుకొని, వీధిలో తిరిగి, ఊరందరి ముద్ద తిని బ్రతికింది. ఇంటిలో ఇన్ని రసాయనాలు లేవు, వీధిలో ఇన్ని వాహనాలు లేవు. అప్పుడు కూడ ఎన్ని కుక్కపిల్లలు మొదటి ఏడాది దాటాయో ఎవరూ లెక్కించలేదు. పోయిన వాటిని గుర్తుంచుకోలేదు కనుక అన్నీ బ్రతికాయని అనుకొంటున్నాం.

వేలరూపాయలు పోసి హస్కీ వంటి మంచుదేశపు కుక్కలను తెచ్చేవారూ ఉన్నారు. నలభై డిగ్రీలు దాటే మా వేసవిలో దట్టమైన బొచ్చుతో ఆ జంతువు రొప్పుతూ ఉంటే అతిథులకు గర్వంగా చూపుతారు. దక్కను ఎండకు తగిన కుక్కలు దక్కనులోనే ఉన్నాయి. పొరుగున కర్ణాటకలోని ముధోల్ జాతి వేటకుక్క బొమ్మతో 2005లో భారత తపాలాశాఖ బిళ్ళ వెలువరించింది. మన వీధికుక్క సంతానం కూడ ఈ నేలకు, ఈ ఎండకు తరతరాలుగా అలవాటుపడినదే. ఘనత కోసం తెచ్చిన జంతువు ఘనత తీరగానే బరువవుతుంది. అప్పుడు దానిని ఊరిచివర వదిలిపెడతారు.

వదిలిపెట్టడం గురించి ఒక మాట. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం, తగిన కారణం లేకుండా, ఆకలిదప్పులకు గురయ్యేలా జంతువును వదిలివేయడం నేరం. తొలి నేరానికి జరిమానా మాత్రం యాభై రూపాయలకు మించదు. చట్టం ఇంత తేలికగా చూచిన విషయాన్ని మహాభారతం ఎంత బరువుగా చూచిందో గమనించండి. మహాప్రస్థానంలో తమ్ముళ్ళు, భార్య నేలకొరిగిన తరువాత ధర్మరాజు వెంట నడిచినది ఒక్క కుక్క. దానిని విడిచి రథమెక్కమని ఇంద్రుడు అంటే, ఆశ్రయించిన దానిని విడిచి వచ్చే స్వర్గం తనకు అక్కరలేదని ఆయన నిలిచిపోయాడు. అది ఆయనకు ఒక పరీక్ష. మనం విడిచిన కుక్క వీధిలో ఆకలితో, భయంతో తిరుగుతుంది. ఐదారు నెలలకే గర్భం దాల్చగల జంతువులవి, మరొక తరానికి జన్మనిస్తాయి. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో వీధికుక్కల దాడిలో నాలుగేండ్ల పసివాడు మరణించినప్పుడు రాష్ట్రమంతా కలత చెందింది. ఆ సమస్యకు కారణాలు అనేకం. అయినా, పెంచి వదిలేసే మనుషుల పాలు అందులో లేదని చెప్పలేము. టీకా వేయించడం, సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయించడం, చివరిదాకా ఉంచుకోవడం అనే మూడింటినీ ఒప్పుకొన్నవారే జంతువును ఇంటికి తేవాలి.

వలసపోయే కుటుంబాలను నేను ఈ మాటలతో తప్పుపట్టడం లేదు. చెరకు కొట్టడానికి పోయే లారీలో వంటపాత్రల ప్రక్కన కుక్కకు కూడ చోటిచ్చే కుటుంబాలను మా ప్రాంతంలో చూచాను. చోటివ్వలేక ప్రక్కింటివారికి అప్పగించి, నాలుగుసార్లు వెనుదిరిగి చూచుకొంటూ పోయినవారినీ చూచాను. ఇంత చోటున్న నా ఇంటిలో ఒక కుక్కపిల్ల మూడు రోజులు బ్రతకలేకపోయింది.

మరుసటి ఏడు కళాశాల గ్రంథాలయంలో పాత పత్రికల కట్టల మధ్య ఒక పిల్లి ఈనింది. కూనలకు ఎనిమిది వారాలు నిండేవరకు ఆగి, ఒకదానిని తెచ్చుకోవాలనుకొన్నాను. ఆ ఎనిమిది వారాలలో ఇల్లు సర్దాను. ఎలుకల మందు పోయి బోను వచ్చింది. గోలెంకు పలక వచ్చింది. కిటికీలకు జాలీ వచ్చింది. అన్నీ అయ్యాక, అప్పటికి రెండవ సంవత్సరంలో ఉన్న ఆ అమ్మాయిని, ఆమె స్నేహితురాళ్ళను ఒక ఆదివారం ఇంటికి పిలిచి, ఇల్లు చూచి చెప్పమన్నాను.

ఆమె మాట్లాడకుండా కొట్టుగదిలోకి వెళ్ళింది. బస్తాల వెనుక చేయి పెట్టి తడిమింది. ఇల్లంతా మోకాళ్ళమీద తిరిగింది. చివరకు మా ఇంటిలోని పాత కుట్టుమిషను క్రింద నుండి దారం ఉన్న సూదిని ఒకదానిని తీసి నా చేతిలో పెట్టింది. "దారం చూస్తే పిల్లి ఆడుకుంటది సార్. ఆడుకుంట ఆడుకుంట మింగుతది" అన్నది.

ఎనిమిది వారాలు వెదికిన నా కంటికి అది కనబడలేదు. సూదిని డబ్బాలో పెట్టి మూత వేశాను. ఆమె మరొకసారి మిషను క్రింద తొంగిచూచి, లేచి, దుస్తులు దులుపుకొని, "ఇగ తెచ్చుకోండ్రి సార్" అన్నది.

ఆ సాయంత్రం పిల్లికూనను ఇంటికి తెచ్చాము.